ఫిల్టర్ పెట్టమంటే చాలదు, ఎక్కడ పెట్టాలో రాయండి: శాసనసభ్యులకు బహిరంగ లేఖ

పిల్లల ఫోన్లలో కంటెంట్ ఫిల్టర్ తప్పనిసరి చేసే బిల్లులు రాస్తున్న గౌరవ శాసనసభ్యులకు, ఆ బిల్లులను పరిశీలిస్తున్న కమిటీల సభ్యులకు

నమస్కారం.

మేం ఫిల్టర్లకు వ్యతిరేకులం కాదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నామంటే, ఇలాంటి బిల్లుల మీద అభ్యంతరం చెప్పినవాళ్లందరినీ పిల్లల బాగు పట్టనివాళ్ల కింద జమకట్టడం అలవాటైపోయింది. పదేళ్ల పిల్ల చేతిలోని ఫోన్‌లో అశ్లీల సైట్లు ఒక్క నొక్కుతో తెరుచుకోకూడదన్న విషయంలో మీకూ మాకూ తేడా లేదు. పేచీ అంతా ముసాయిదాలో కనిపించే ఆ ఒక్క వాక్యంతోనే. మైనర్లకు హాని చేసే సమాచారాన్ని అడ్డుకునే ఫిల్టర్ ప్రతి ఫోన్‌లోనూ పనిచేస్తూ ఉండాలన్నది దాని సారాంశం. రాయడానికి అది రెండు లైన్లు. దాన్ని అమలు చేయాల్సిన ఇంజనీరు చేతికిస్తే మాత్రం మొదట అడిగేది ఒకటే: ఫిల్టర్ ఎక్కడ ఉండాలి? ఆపరేటర్ నెట్‌వర్క్‌లోనా, సైటు పేరును బట్టి దాని చిరునామా చెప్పే డీఎన్ఎస్‌లోనా, ఆపరేటింగ్ సిస్టమ్‌లోనా, బ్రౌజర్‌లోనా, విడిగా దించుకునే యాప్‌లోనా? ఈ అయిదూ అయిదు వేర్వేరు వస్తువులు. ఒక్కొక్కటి చూడగలిగేది వేరు, ఒక్కొక్కటి చెడిపోయే తీరు వేరు.

ఫోన్‌లో లింకు నొక్కగానే జరిగేదేమిటో కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే మిగతా వాదనంతా దీనిమీదే నిలబడుతుంది. ముందు ఫోన్ ఆ సైటు పేరును డీఎన్ఎస్ సర్వర్‌కి పంపి, దీని చిరునామా ఏమిటని అడుగుతుంది. చిరునామా వచ్చాక ఆ సైటు సర్వర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన, అంటే దారిలో ఎవరూ చదవలేని కనెక్షన్ మొదలుపెడుతుంది. ఆ కనెక్షన్ తాలూకు మొట్టమొదటి సందేశంలో సైటు పేరు ఇప్పటికీ చాలావరకు బయటికి కనిపిస్తుంది. ఆ సైటులో ఏ పేజీ అడిగారు, ఏ బొమ్మ తెరిచారు, ఏ మాట వెతికారు అన్నవి కనిపించవు. పేజీ ఫోన్‌లోకి చేరి, బ్రౌజర్ దాన్ని విప్పి తెరమీద గీసేటప్పుడు గానీ అందులో ఉన్నదేమిటో తేలదు. కాబట్టి దారిలో ఉన్న ఫిల్టర్‌కు సైటు పేరు వరకే తెలుసు. ఫోన్ లోపలి ఫిల్టర్‌కు అన్నీ తెలియగలవు. మొదటిదానికి కనిపించేది తక్కువ కనుక అది మొరటుగా అడ్డుకుంటుంది. రెండోదానికి అన్నీ కనిపిస్తాయి కనుక, దాన్ని రాసినవాళ్లెవరు, అది చూసినదాన్ని ఎవరికి చేరవేస్తోంది అన్నది పెద్ద ప్రశ్న అవుతుంది. బిల్లులో దీనిగురించి ఒక్క ముక్క కూడా లేకపోతే, తయారీదారులు తమకు చౌకగా వచ్చేదాన్నే ఎంచుకుంటారు.

అన్నిటికంటే చౌక డీఎన్ఎస్ ఫిల్టర్. అడ్డుకోవాల్సిన సైట్ల జాబితాలో ఉన్న పేరు అడిగితే తప్పుడు చిరునామా ఇస్తుంది, లేదా అలాంటి పేరే లేదంటుంది. ఉచితంగా దొరికేవి ఉన్నాయి. ఆండ్రాయిడ్ 9 నుంచి సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ దగ్గర ఒక పేరు టైపు చేస్తే చాలు, రెండు నిమిషాల పని. సెర్చ్ ఇంజన్ పేరు అడిగినప్పుడు దాని కట్టుదిట్టమైన రూపం ఉన్న చిరునామా ఇచ్చి, అశ్లీల ఫలితాలను దాచే సేఫ్ సెర్చ్‌ను బలవంతంగా ఆన్ చేయించడం కూడా దీనితో కుదురుతుంది. ఇంత తేలిగ్గా అయ్యేదాన్ని తీసిపారేయలేం. కానీ దీనికి తెలిసింది పేరే కాబట్టి, ఒకే పేరు కింద పాఠాలూ పచ్చి అశ్లీలమూ కలిసి ఉన్న పెద్ద సోషల్ సైట్ల దగ్గర ఇది చేయగలిగింది రెండే: మొత్తం మూసేయడం, లేదా మొత్తం వదిలేయడం.

అడ్డుకున్నప్పుడు వచ్చే తెర సంగతి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు. డీఎన్ఎస్ ఫిల్టర్ ఫోన్‌ను "ఈ సైటు నిషిద్ధం" అన్న పేజీకి మళ్లించాలని చూస్తే, ఆ పేజీ దగ్గర అసలు సైటు సర్టిఫికెట్ (ఆ సైటు అదేనని రుజువు చేసే పత్రం) ఉండదు కనుక, బ్రౌజర్ కనెక్షన్ సురక్షితం కాదంటూ హెచ్చరిక చూపిస్తుంది. తల్లిదండ్రులు ఫోన్ పాడైందనుకుంటారు. పిల్లలు ఆ హెచ్చరికను దాటుకుని ముందుకెళ్లే బటన్ నొక్కడం నేర్చుకుంటారు. రేపు నిజంగా ఒక మోసపు సైటు దగ్గర అదే హెచ్చరిక వస్తే, అప్పుడూ అదే బటన్ నొక్కుతారు.

ఇక దీన్ని దాటడం. డీఎన్ఎస్ ప్రశ్నలను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతులు రెండున్నాయి. 2016లో ప్రమాణంగా వచ్చినది తనకంటూ కేటాయించిన 853 పోర్టు (ట్రాఫిక్ వెళ్లే ద్వారం) మీద నడుస్తుంది, దాన్ని అడ్డుకోవడం సులువు. 2018లో వచ్చినది మామూలు వెబ్ నడిచే 443 పోర్టు మీదే వెళ్తుంది. దాన్ని మూసేస్తే వెబ్బే మూతపడుతుంది. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ఒక స్విచ్ మార్చి ఈ రెండో పద్ధతి ఎంచుకుంటే ఆపరేటర్ డీఎన్ఎస్ ఫిల్టర్‌కు ఏమీ తెలియదు. కనెక్షన్ మొదటి సందేశంలో కనిపించే సైటు పేరును కూడా దాచేసే ఎన్‌క్రిప్టెడ్ క్లయింట్ హలో పద్ధతి ప్రధాన బ్రౌజర్లలోకి ఇప్పటికే వచ్చేసింది. వీటిని పిల్లలను చెడగొట్టడానికి ఎవరూ కనిపెట్టలేదు. మన బ్యాంకు లావాదేవీలను, వైద్యుడితో మాటలను దొంగచూపుల నుంచి కాపాడేవి ఇవే. పిల్లల పేరు చెప్పి వీటిని నిషేధించే నిబంధన పెడితే, దాని దెబ్బ ముందు తగిలేది పిల్లలకే.

ఆపరేటర్ దగ్గర పెట్టే ఫిల్టర్‌కు ఇంకో తిప్పలుంది. అది మొబైల్ డేటాకే వర్తిస్తుంది. వైఫై ఆన్ చేయగానే ఫోన్ ఆ నెట్‌వర్క్ నుంచి తప్పుకుంటుంది. సిమ్ లేని పాత ఫోన్ అయితే ఆ నెట్‌వర్క్‌లోకి ఎప్పుడూ రానేరాదు. జపాన్ ఈ అనుభవం నుంచే పాఠం నేర్చుకుంది. 2008లో చేసి 2009 ఏప్రిల్ నుంచి అమలు చేసిన చట్టం ప్రకారం, 18 ఏళ్లలోపు వాళ్లు వాడే ఫోన్లకు ఆపరేటర్లు ఫిల్టరింగ్ ఇవ్వాలి. వద్దనుకునే హక్కు తల్లిదండ్రులకు ఉంది. మామూలు ఫోన్ల కాలంలో అది నడిచింది. స్మార్ట్‌ఫోన్లు వచ్చి వైఫై, యాప్‌లు మామూలైపోయాక ఆ కట్టు వదులైంది. అప్పుడు చట్టాన్ని సవరించి, 2018 ఫిబ్రవరి నుంచి కొత్త బాధ్యత పెట్టారు. వాడబోయేది 18 ఏళ్లలోపు వాళ్లా కాదా అని అమ్మే చోటే కనుక్కోవాలి, ఫిల్టర్ గురించి వివరించి చెప్పాలి, దాన్ని ఆన్ చేసి చేతికివ్వాలి. చూడటానికి చిన్న మార్పే గానీ దిశ సరైనది. బాధ్యత నెట్‌వర్క్ దగ్గర ఆగిపోకుండా ఫోన్ సెటప్ దాకా వచ్చింది.

విడి యాప్‌గా వచ్చే ఫిల్టర్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చట్టాలు ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే.

ఆండ్రాయిడ్‌లో ఇలాంటి యాప్‌లు మామూలుగా వీపీఎన్ (ట్రాఫిక్‌ను వేరే దారిలో పంపే సాధనం) వేషం వేసుకుంటాయి. ఫోన్ నుంచి బయటికి పోయే ట్రాఫిక్ అంతా తమ గుండా పోయేలా చేసుకుని, ఒక్కో కనెక్షన్‌ను చూసి వదులుతాయి. ఒక ప్రొఫైల్‌లో ఒకేసారి ఒకే వీపీఎన్ నడుస్తుంది. పిల్లాడు ఇంకో ఉచిత వీపీఎన్ దించుకుని ఆన్ చేస్తే ఫిల్టర్ దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. వీపీఎన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా, అది లేకుండా ఏ కనెక్షనూ వెళ్లకుండా బిగించే సెట్టింగ్ ఉంది. కానీ ఆ సెట్టింగ్ మార్చే అధికారం పిల్లాడి చేతిలో ఉన్నంతవరకు అది పేరుకే. ఇంకొన్ని యాప్‌లు యాక్సెసిబిలిటీ అనుమతి తీసుకుని తెరమీద రాతలు చదువుతూ కూర్చుంటాయి. చూపులేనివాళ్ల కోసం పెట్టిన ఆ అనుమతితో యాప్ పాస్‌వర్డులు తప్ప తెరమీద ఉన్నది దాదాపు అంతా చదవగలదు. పైగా ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో పెడితే, బయటినుంచి దించుకున్న యాప్‌లన్నీ ఆగిపోతాయి, ఫిల్టర్‌తో సహా. చాలా మోడళ్లలో పవర్ మెనూలోని పవర్ ఆఫ్‌ను కాస్త సేపు నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్‌కు దారి దొరుకుతుంది. ఈ సంగతి పదమూడేళ్ల వాళ్లకు తెలిసినంత బాగా బిల్లు రాసేవాళ్లకు తెలియకపోవడం విచారకరం.

ఎన్‌క్రిప్షన్ లోపలికి తొంగిచూడాలనుకునే ఫిల్టర్లు ఫోన్‌లో తమ సొంత రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లను నమ్మదగినవని చెప్పే మూల పత్రం) పెట్టి, ప్రతి కనెక్షన్‌నూ మధ్యలో విప్పి మళ్లీ మూస్తాయి. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు వాడుకరి పెట్టిన సర్టిఫికెట్లను మామూలుగా నమ్మవు, కాబట్టి సగం పనులు ఆగిపోతాయి. పనిచేసినచోట ప్రమాదం ఇంకా ఎక్కువ. 2015లో కొన్ని లెనోవో ల్యాప్‌టాపుల్లో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ బయటపడింది. అన్ని యంత్రాల్లోనూ అది ఒకే రహస్య తాళాన్ని వాడింది. ఆ తాళం దొరికినవాళ్లు ఎవరైనా, బ్యాంకు సైటుకు నకలు తయారుచేసి ఆ యంత్రాల ముందు పెట్టొచ్చు. దాని వెనకున్న, కొమోడియా అనే కంపెనీ ఇంజన్‌నే పిల్లల ఫిల్టర్ సాఫ్ట్‌వేర్లు కొన్ని కూడా వాడుతున్నాయని అప్పుడే తేలింది. ఈ పద్ధతిని మీ చట్టం పేరు పెట్టి నిషేధించాలి. ఎన్‌క్రిప్ట్ అయిన కనెక్షన్‌ను మధ్యలో విప్పే ఏ పరికరాన్నీ ఈ చట్టం కింద ఫిల్టర్‌గా గుర్తించేది లేదని ఒక్క వాక్యం చాలు.

చట్టం బలవంతం చేసిన యాప్ ఎంత దూరం పోగలదో దక్షిణ కొరియా చూపించింది. 2015 ఏప్రిల్ నుంచి అక్కడ మైనర్లకు ఇచ్చే ఫోన్లలో హానికర సమాచారాన్ని అడ్డుకునే సాధనం ఉండాలని నిబంధన వచ్చింది. దాన్ని తీసేసినా, 15 రోజులకు మించి పనిచేయకుండా ఉన్నా ఆపరేటర్ తల్లిదండ్రులకు తెలియజేయాలి. ప్రభుత్వ మద్దతుతో వచ్చిన స్మార్ట్ షెరిఫ్ అనే యాప్ వేల ఇళ్లలోకి చేరింది. అదే ఏడాది సెప్టెంబరులో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్, భద్రతా పరిశోధకులతో కలిసి ఆ యాప్‌ను విప్పి చూసి, 26 లోపాలు బయటపెట్టింది. పిల్లల సమాచారం సరైన ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తోంది. సర్వర్ అడిగినవాళ్లెవరో సరిగ్గా సరిచూసుకోవడం లేదు. ఫోన్ నంబరు ఊహించగలిగితే ఆ ఖాతా వివరాలు లాగొచ్చు, సెట్టింగ్స్ మార్చొచ్చు. కొన్ని వారాలకే యాప్‌ను వెనక్కి తీసుకున్నారు. కంచే చేను మేసిందంటే ఇదే. పిల్లలను అపరిచితుల నుంచి కాపాడాల్సిన సాధనం, ఆ అపరిచితులకు పిల్లల వివరాలు అందేలా చేసింది. సాఫ్ట్‌వేర్‌లో లోపాలుండటం వింత కాదు. చట్టం తప్పనిసరి అన్నది గానీ, విడుదలకు ముందు బయటివాళ్లతో పరీక్షించాలని అనలేదు. అదీ అసలు తప్పు.

చైనా కథ ఇంకాస్త పాతది, కంప్యూటర్లకు సంబంధించినది. 2009 జూలై 1 నుంచి అమ్మే ప్రతి కంప్యూటర్‌తోపాటు గ్రీన్ డ్యామ్ అనే ఫిల్టర్ ఇవ్వాలని అక్కడి మంత్రిత్వ శాఖ ఆదేశించింది. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని పరిశీలించి, ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న యంత్రం ఒక దుష్ట వెబ్ పేజీని తెరిస్తే చాలు, యంత్రం మొత్తం పరాయివాళ్ల చేతిలోకి పోగలదని చూపించారు. అశ్లీల బొమ్మలను గుర్తుపట్టడానికి అది చర్మపు రంగు మీద ఆధారపడింది. ఫలితంగా నిరపాయకరమైన కార్టూన్ బొమ్మలను ఆపి, ముదురు చర్మం ఉన్నవాళ్ల నగ్నచిత్రాలను వదిలేసిందని వార్తలొచ్చాయి. గడువుకు ఒక రోజు ముందు ఆ ఆదేశాన్ని వాయిదా వేశారు. అశ్లీలంతోపాటు రాజకీయ పదాల జాబితా కూడా ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉండటం చిన్న విషయం కాదు. జాబితాను చేతిలో పెట్టుకున్నవాళ్లు రేపు అందులో ఇంకేం చేరుస్తారన్న ప్రశ్నకు సమాధానం మీ చట్టంలోనే ఉండాలి, మంత్రిగారి హామీలో కాదు.

అమెరికాలో ఉటా రాష్ట్రం 2021లో చేసిన చట్టాన్ని మీలో చాలామంది నమూనాగా చూపిస్తున్నారు. రాష్ట్రంలో యాక్టివేట్ అయ్యే ఫోన్లు, ట్యాబ్లెట్లలో ఫిల్టర్ మొదటినుంచే ఆన్‌లో ఉండాలన్నది అందులోని మాట. అయితే కనీసం మరో 5 రాష్ట్రాలు ఇలాంటి చట్టం చేస్తేనే అది అమల్లోకి వస్తుందని, 2031లోగా అలా జరగకపోతే దానంతటదే రద్దవుతుందని అప్పుడు అందులో రాసుకున్నారు. ఈ షరతు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఆలోచించండి. ఒక రాష్ట్రం కోసం విడిగా ఫోన్ తయారుచేయడం కుదరదు. ఫోన్ ఎక్కడ యాక్టివేట్ అయిందో తేల్చడానికి కూడా కంపెనీ దగ్గరున్నది ఐపీ చిరునామా, సిమ్, కొనుగోలు రసీదు. ఈ మూడూ మూడు చోట్లను చూపించే సందర్భాలు కొల్లలు.

మాకు అన్నిటికంటే పనికొచ్చేలా కనిపించేది ఫ్రాన్స్ 2022 మార్చి 2న చేసిన చట్టం. 2024 జూలై 13 నుంచి అమల్లో ఉంది. అది ఫిల్టర్ ఏం అడ్డుకోవాలో పేజీల కొద్దీ వర్ణించలేదు. ఫోన్‌లో తల్లిదండ్రుల నియంత్రణ సాధనం ముందే ఉండాలి, మొదటిసారి ఆన్ చేసినప్పుడే దాన్ని వాడమని అడగాలి, అందుకు పైసా తీసుకోకూడదు, పిల్లల నుంచి సేకరించిన సమాచారాన్ని వ్యాపారానికి వాడకూడదు అంది. వాడాలా వద్దా అన్నది పెద్దవాళ్లకే వదిలింది. ఇందులోని తెలివి ఏమిటంటే, ప్రభుత్వం తనకు చేతనయ్యేదాన్నే అడిగింది. సెటప్‌లో ఒక ప్రశ్న ఉందా లేదా అన్నది ఎవరైనా ఫోన్ తెరిచి తనిఖీ చేయొచ్చు. "హానికరమైనదంతా అడ్డుకున్నావా" అన్నది ఎవరూ తనిఖీ చేయలేరు.

ఎందుకు చేయలేరో లెక్క వేసి చూద్దాం. ఇది ఊహాజనితమైన లెక్కే, కానీ ఏ ఫిల్టర్‌కైనా ఇదే సూత్రం. ఒక పిల్లవాడు తెరిచే 1,00,000 పేజీల్లో 2,000 నిజంగా అడ్డుకోవాల్సినవి, 98,000 మామూలువి అనుకుందాం. ఫిల్టర్ చెడ్డవాటిలో 95 శాతం పట్టుకుంటుంది, మంచివాటిలో 2 శాతాన్ని మాత్రమే పొరబడుతుంది. వినడానికి గొప్ప పనితనమే. అడ్డుకున్న చెడ్డ పేజీలు 1,900. అడ్డుకున్న మంచి పేజీలు 1,960. అంటే ఆపేసిన పేజీల్లో సగానికి పైగా ఏ పాపమూ ఎరుగనివి. అయినా 100 చెడ్డ పేజీలు జారిపోయాయి. ఇప్పుడు జారిపోయిన ఒక్కో పేజీకీ కంపెనీ మీద దావా వేయొచ్చని చట్టం అంటే, కంపెనీ ఆ 100ను 20కి తగ్గించడానికి మీట బిగిస్తుంది, 1,960 కాస్తా 8,000 అయినా దానికి నష్టం లేదు. జరిమానా ఒక వైపే ఉన్నప్పుడు త్రాసు అటే మొగ్గుతుంది.

ఆ పొరబడిన పేజీలు ఏవో అందరికీ తెలిసినవే: రొమ్ము క్యాన్సర్, రుతుక్రమం, గర్భనిరోధం, లైంగిక వేధింపుల గురించి ఫిర్యాదు ఎలా చేయాలో చెప్పే పేజీలు. 2020 ఏప్రిల్‌లో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సేవల కంపెనీ 1.1.1.3 అనే కుటుంబ డీఎన్ఎస్‌ను ప్రారంభించినప్పుడు, అశ్లీలం కాని ఎల్‌జీబీటీ సైట్లు కొన్ని అందులో మూతపడ్డాయి. కంపెనీ క్షమాపణ చెప్పి సరిదిద్దుకుంది. అంత సాంకేతిక బలం ఉన్నవాళ్లకే అలా జరిగిందంటే, చట్టం గడువు తరుముతుంటే హడావిడిగా జాబితా కొనుక్కునే చిన్న కంపెనీల సంగతి చెప్పక్కర్లేదు. చిన్న భాషలకు ఇంకో బాధ. జాబితాలు తయారుచేసేవాళ్ల దృష్టి ఎక్కువగా ఇంగ్లిష్ మీదే ఉంటుంది. తెలుగు లాంటి భాషల్లో సైట్లు "వర్గీకరించనివి" అనే గంపలో పడతాయి. కట్టుదిట్టమైన సెట్టింగ్‌లో ఆ గంప మొత్తం మూతపడుతుంది, వదులు సెట్టింగ్‌లో మొత్తం తెరుచుకుంటుంది. తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన బూతులైతే ఏ జాబితాకూ చిక్కవు.

ఇక మీ బిల్లులో ఉండాల్సినవి. ఫిల్టర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగంగా ఉండాలి, ఫోన్‌కు కాక వాడే మనిషి ప్రొఫైల్‌కు వర్తించాలి. బ్రౌజర్ ఒక్కదానికే పెడితే, వేరే యాప్‌ల లోపల తెరుచుకునే చిన్న బ్రౌజర్లు దాన్ని ఖాతరు చేయవు. ఒకే ఫోన్‌ను ఇంటిల్లిపాదీ వాడే ఇళ్లు ప్రపంచమంతటా ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో చాలా ఫోన్లు వేర్వేరు యూజర్లను ఒప్పుకుంటాయి, ఐఫోన్‌లో ఆ సదుపాయమే లేదు. పిల్లల చేతికిచ్చేటప్పుడు ఒక్క నొక్కుతో పిల్లల ప్రొఫైల్‌కు మారగలగాలి, పెద్దవాళ్ల ప్రొఫైల్‌కు తిరిగి రావడానికి మాత్రమే పిన్ అడగాలి. మొదటి సెటప్‌లోనూ, ఫ్యాక్టరీ రీసెట్ చేసిన ప్రతిసారీ "ఈ ఫోన్ వాడబోయేది ఎవరు" అన్న ప్రశ్న రావాలి. పిల్లల ప్రొఫైల్ ఉన్నప్పుడు సేఫ్ మోడ్, గెస్ట్ యూజర్, యాప్ స్టోర్ బయటినుంచి యాప్‌లు దించుకోవడం, వీపీఎన్ మార్చడం, డీఎన్ఎస్ మార్చడం, గడియారం మార్చడం, ఈ ఆరింటికీ పెద్దవాళ్ల పిన్ అడగాలి. ఫిల్టర్లు విరిగేది ఎక్కువగా ఈ ఆరు చోట్లే.

పిన్ గురించి కూడా ఒక మాట. నాలుగంకెల పిన్‌కు 10,000 అవకాశాలే. తప్పు కొట్టిన ప్రతిసారీ విరామం పెంచుకుంటూ పోకపోతే, ఓపికున్న పిల్లాడికి అది ఒక సెలవురోజు పని. నిజానికి అంత కష్టం కూడా పడరు, భుజం మీదనుంచి చూసేస్తారు. అందుకే తెర లాక్ పిన్‌నే ఫిల్టర్ పిన్‌గా పెట్టుకోవడానికి సిస్టమ్ ఒప్పుకోకూడదు. మరిచిపోతే తిరిగి తెచ్చుకునే దారి, పిల్లాడి చేతిలోని ఫోన్‌కే వచ్చే ఓటీపీ కాకూడదు.

అడ్డుకునే పని ఫోన్ లోపలే జరగాలి, పిల్లలు ఏం చూశారో ఏ సర్వర్‌కూ పోకూడదు. ఇది అసాధ్యమేమీ కాదు. మోసపు సైట్ల నుంచి కాపాడే గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ ఏళ్ల తరబడి ఈ తరహాలోనే పనిచేసింది: చెడ్డ చిరునామాల హ్యాష్‌ల (చిరునామా నుంచి లెక్కగట్టిన, వెనక్కి విప్పలేని గుర్తుల) మొదటి 4 బైట్ల జాబితాను ఫోన్ దించుకుంటుంది, పోలిక అక్కడే చూస్తుంది, పోలిక కుదిరితేనే పూర్తి హ్యాష్‌ల కోసం సర్వర్‌ను అడుగుతుంది. అప్పుడు కూడా అసలు చిరునామా బయటికి పోదు. బొమ్మల విషయంలో ఆపిల్ 2021 డిసెంబరులో ఐఓఎస్ 15.2తో, పిల్లల ఖాతాలకు వచ్చే మెసేజ్‌లలోని నగ్నచిత్రాలను ఫోన్ లోపలే గుర్తించి మసకచేసే ఏర్పాటు తెచ్చింది. దారిలో ఉన్న ఏ ఫిల్టరూ చేయలేని పని అది. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేని ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌ను ముట్టుకోకుండానే జరిగింది.

అడ్డుకున్న తెరమీద ఏ జాబితా, ఏ వర్గం కింద ఆగిందో రాసి ఉండాలి. పెద్దవాళ్లను అడిగే బటన్ ఒకటి, ఇది పొరపాటని కంపెనీకి చెప్పే బటన్ ఒకటి. ఆరోగ్యం, వేధింపుల సహాయానికి సంబంధించిన ఫిర్యాదులైతే 24 గంటల్లో, మిగతావి 72 గంటల్లో తేల్చాలని గడువు పెట్టండి. ఎన్ని వచ్చాయి, ఎన్ని నిజమని తేలాయి అన్నది మూడు నెలలకోసారి ప్రకటించమనండి. ఎదురు చెప్పే దారి ఉండటం చిన్న సదుపాయం కాదు. అమెరికాలో 2000లో చేసిన చట్టం ప్రభుత్వ సాయం తీసుకునే గ్రంథాలయాల్లో ఫిల్టర్లు పెట్టమంది. 2003లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టినప్పుడు, పెద్దవాళ్లు అడిగితే గ్రంథాలయ సిబ్బంది ఫిల్టర్ తీసేయగలరన్న విషయం ఆ తీర్పులో ముఖ్యమైన ఆధారమైంది. బ్రిటన్‌లో మొబైల్ ఆపరేటర్లు 18 ఏళ్లు నిండినట్టు చూపించేదాకా పెద్దల కంటెంట్‌ను మూసి ఉంచుతారు, దేన్ని మూయాలన్న ప్రమాణం సినిమాలకు సర్టిఫికెట్లిచ్చే సంస్థ చూస్తుంది. పొరపాటుగా మూసిన సైటు యజమాని వెళ్లి అడగడానికి ఒక తలుపు ఉంది.

పరీక్ష విషయంలో మొహమాటపడకండి. కంపెనీకి ముందుగా చూపించని పేజీల సముదాయంతో ఏడాదికోసారి పరీక్షించాలి. అందులో అశ్లీల సైట్లు ఎన్నుంటే, వాటిని పోలినట్టుండే ఆరోగ్య, కళా, విద్యా పేజీలు కూడా అన్నే ఉండాలి. ఆ ప్రాంతంలో మాట్లాడే ప్రతి భాషలోనూ ఉండాలి. జారిపోయినవీ పొరబడినవీ రెండు అంకెలూ పక్కపక్కనే ప్రకటించాలి. జరిమానా మాత్రం ఒక పేజీ జారిపోయినందుకు కాదు. సెటప్ ప్రశ్న తీసేసినందుకు, పిల్లల సమాచారం బయటికి పంపినందుకు, భద్రతా లోపం తెలిసీ సరిచేయనందుకు వేయండి. అవి రుజువు చేయగలిగే తప్పులు.

ఆరేళ్ల వాళ్లకూ పదహారేళ్ల వాళ్లకూ ఒకే ఫిల్టర్ పెట్టే బిల్లులు ఎక్కువ కాలం నిలవవు. ఇంట్లోనే పిల్లలు దాన్ని విరగ్గొడతారు, తల్లిదండ్రులు విసిగి తీసేస్తారు. 2007లో ఆస్ట్రేలియా ప్రభుత్వం 8.4 కోట్ల డాలర్ల పథకం కింద ఇంటింటికీ ఫిల్టర్ ఇస్తే, 16 ఏళ్ల విద్యార్థి ఒకరు అరగంటలో దాన్ని దాటి చూపించారు. కనీసం మూడు వయసు దశలుండాలి, వయసు పెరిగేకొద్దీ వదులవుతూ రావాలి. 18 నిండిన రోజున ఫిల్టర్ ఆగిపోవాలి, దాని రికార్డులు చెరిగిపోవాలి.

ఇంత చేసినా ఫిల్టర్ ముట్టుకోని ప్రమాదాలున్నాయి. పరిచయం పెంచుకుని ఫొటోలు పంపించుకుని, ఆపై బెదిరించేవాళ్లు అశ్లీల సైట్ల నుంచి రారు. ఆటల చాట్ నుంచి, మామూలు మెసేజ్ నుంచి వస్తారు. తోటి పిల్లల వేధింపు కూడా అంతే. "ఈ ఫోన్ పిల్లలకు సురక్షితం" అనే ముద్రను పెట్టె మీద వేయించే నిబంధన కొన్ని ముసాయిదాల్లో ఉంది. దాన్ని తొలగించండి. ఆ ముద్ర చూసిన తల్లిదండ్రులు మిగతా జాగ్రత్తలు మానేస్తారు.

ఇప్పటికే అమ్ముడైపోయిన ఫోన్ల విషయంలో, ఇంకా అప్‌డేట్లు అందుతున్న వాటికే గడువు పెట్టండి. 18 నెలలు సరిపోతాయి. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్ల మీద కొత్త భద్రతా సాఫ్ట్‌వేర్ రుద్దితే లోపాలు పెరుగుతాయే తప్ప తగ్గవు. వాటికి డీఎన్ఎస్ ఎలా మార్చుకోవాలో ఒక పేజీ సూచనలు చాలు.

చివరిగా ఒక అభ్యర్థన. సాంకేతిక వివరాలన్నీ తర్వాత నిబంధనల్లో రాసుకుంటామని బిల్లు ముందు పాస్ చేసే పద్ధతి ఈ విషయంలో పనికిరాదు. ఫిల్టర్ ఎక్కడుండాలి, ఏం చూడకూడదు, ఎవరు పరీక్షించాలి అన్న మూడింటినీ బిల్లుకు షెడ్యూలుగా జతచేసి, ఓటింగుకు కనీసం 60 రోజుల ముందు ప్రజల ముందు పెట్టండి. ప్రతి క్లాజు మీదా మా అభిప్రాయం రాతపూర్వకంగా పంపుతాం. కమిటీ ముందు ఫోన్ పెట్టి ఏ ఫిల్టర్ ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ జారుతుందో చూపించమన్నా వచ్చి చూపిస్తాం.

ఇట్లు,
నెట్‌వర్క్ ఫిల్టరింగ్, మొబైల్ భద్రత, పిల్లల ఆన్‌లైన్ రక్షణ రంగాల్లో పనిచేస్తున్న ఇంజనీర్లం